55 శాతం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 55 శాతం గారికి,

ఈ లేఖ మీకు పూర్తిగా చేరుతుందన్న ఆశ నాకు లేదు. మనం ఎదుటివారికి చేరవేసేదానిలో 55 శాతం బాడీ లాంగ్వేజ్, 38 శాతం గొంతు, మాటల విలువ 7 శాతమే అన్నది కదా మీ సిద్ధాంతం. మిగిలిన 93 శాతం ఇది రాస్తున్నప్పటి నా ముఖంలోనూ పళ్ల కొరుకుడులోనూ ఉంది. అది కాగితానికి ఎక్కదు.

ఇంజినీరింగ్ విద్యార్థులకు కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్పే తరగతిలో తరచుగా తెర మీద మొదట వెలిసేది మీరే. రంగుల వృత్తంలో సగానికి పైగా ఆక్రమించి, బాడీ లాంగ్వేజ్ అన్న బిరుదు తగిలించుకుని కూర్చుంటారు. పక్కన గొంతు పేరిట మీ తమ్ముడు 38. మూలన, సవతి బిడ్డలా, మాటలకు 7. విద్యార్థులు మిమ్మల్ని భక్తిగా నోట్సులోకి ఎక్కించుకుంటారు. అంతకుముందు గంటలో జవాబు పక్కన యూనిట్లు రాయనందుకు మార్కులు పోగొట్టుకున్నవాళ్లే వీళ్లు. ఒక్కరైనా లేచి, 'దేనిలో 55 శాతం? ఎలా కొలిచారు?' అని అడగరు.

మీ పుట్టుక గురించి మీరు చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్, ఆయన సహచరులు 1967లో రెండు ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. విడివిడి మాటలను వేర్వేరు స్వరాల్లో వినిపించారు. ఒక ప్రయోగంలో ముఖాల ఫొటోలు కూడా చూపించారు. మాట్లాడే మనిషికి ఎదుటివారంటే ఇష్టమా, కాదా? అడిగింది ఇంతే. మాట ఒకటి, ముఖం మరొకటి చెబుతుంటే జనం దేనివైపు మొగ్గుతారో తూచినప్పుడు పుట్టారు మీరు. భావోద్వేగాలు, ఇష్టాయిష్టాల సంగతి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే హెచ్చరించారు. పైగా అసలు లెక్కలో మీ వాటా ముఖం వరకే. భుజాలు, చేతులు, టై, బూట్ల పాలిష్ తర్వాత ఎవరో మీ పేరిట రాసిచ్చిన ఆస్తులు.

మీరే నిజమైతే, శబ్దం ఆపేసి పాఠం చూసినా సగానికి పైగా అర్థం కావాలి. థర్మోడైనమిక్స్ శబ్దంతో విన్నా అంత అర్థం కావడం లేదని విద్యార్థుల ఫిర్యాదు.

మీ ఏలుబడిలో శిక్షణ మాత్రం ఘనంగా సాగుతోంది. నిటారుగా నిలబడాలి, కళ్లలోకి చూడాలి, భయమేస్తే నుదురు చూడాలి. గ్రూప్ డిస్కషన్‌లో అందరికన్నా ముందు నోరు తెరవాలి. ఏం చెప్పాలన్నది తర్వాతి మాట. 'మీ బలహీనత ఏమిటి' అని అడిగితే 'అతిగా కష్టపడతాను' అని సిగ్గుపడుతూ ఒప్పుకోవాలి. ఈ అబద్ధాన్ని తడబడకుండా చెప్పినవారికి ఎక్కువ మార్కులు.

ఇక మీరు మూలన పడేసిన ఆ 7 శాతం సంగతి. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక ఎడమ రెక్కకు ఇంధన ట్యాంకు పైపొర నుంచి ఊడిన ఫోమ్ (గట్టి నురుగు) ముక్క తగిలింది. అది ప్రమాదమా కాదా అని ఇంజినీర్లు లెక్కలు వేసి స్లైడ్లు చేశారు. వాటిలో ఒకదానికి శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. అసలు సంగతి అట్టడుగు వరుసలో, చిన్న అక్షరాల్లో నక్కింది: పాత పరీక్షల్లో వాడింది 3 ఘనపుటంగుళాల ముక్క, ఇప్పుడు తగిలిన దాని అంచనా 1920. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న భూమికి తిరిగి వస్తుండగా నౌక ముక్కలై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. విచారణ సంఘం తన నివేదికలో ఆ స్లైడునే అచ్చువేసి, సాంకేతిక నివేదికలకు బదులు స్లైడ్లతో సరిపెట్టుకునే అలవాటును తప్పుపట్టింది. వాటిని చూపించిన మనిషి భుజాలు నిటారుగా ఉన్నాయా అన్న అంశం మీద సంఘం దృష్టి పెట్టలేదు. మీకు అన్యాయమే జరిగింది.

అమెరికాలో అణు ప్రమాదం జరిగిన త్రీ మైల్ ఐలండ్ విద్యుత్ కేంద్రం సంగతి ఇంకా చేదు. రియాక్టరుకు అత్యవసరంగా నీరు అందించే పంపులను ఆపరేటర్లు తొందరపడి ఆపేస్తే ముప్పని, ఆ రియాక్టరును తయారు చేసిన సంస్థలో ఒక ఇంజినీరు 1978 ఫిబ్రవరిలోనే మెమో రాశాడు. అది ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు నడిచింది తప్ప ఆపరేటర్లకు చేరలేదు. 1979 మార్చి 28న, ప్రమాదం నాడు, వాళ్లు సరిగ్గా అదే పని చేశారు.

ఇంత తెలిసీ తరగతులు మిమ్మల్నే ఎందుకు నెత్తిన పెట్టుకుంటాయి? మీరు చవక, అంతే. కుర్చీలో కూర్చుని ఎవరు ఎటు చూశారో టిక్కులు పెడితే అరవై మంది ఒక్క పూటలో తేలిపోతారు. మెమో రాయించాలంటే అరవై చేతిరాతలు చదవాలి, 'ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేయాలి?' అని ఎర్ర సిరాతో అడగాలి, తిరగరాయించి మళ్లీ చదవాలి. భాష చెప్పేవారికి పంపు తెలియదు. పంపు చెప్పేవారు భాష తమ పని కాదంటారు. మధ్యలో ల్యాబ్ రికార్డు అనే పాపం ఒకటుంది. విద్యార్థి ప్రతి వారం నిజంగా రాసే సాంకేతిక రచన అదొక్కటే. దాన్ని సీనియర్ల రికార్డు చూసి ఎక్కిస్తారు, చదవకుండానే సంతకం పెడతారు.

అందుకని నా విన్నపం. వచ్చే సెమిస్టరులో ఆ మొదటి స్లైడు ఖాళీ చేయండి. ఆ గంటలో ఒక్కొక్కరి చేతా ఆగిపోయిన యంత్రం గురించి అయిదు వాక్యాలు రాయిస్తాను, వేరే బ్రాంచి వాళ్లకిచ్చి అర్థమైన పని చేయమంటాను. తప్పు మీట నొక్కితే రాసినవారిదే బాధ్యత. మీ అసలు ఉద్యోగం, ఎవరికి ఎవరంటే ఇష్టమో పసిగట్టే పని, ఎక్కడికీ పోలేదు. క్యాంటీన్లో ఆ పనికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

జవాబు రాయదలిస్తే కాగితం మీదే రాయండి. విషయం మొదటి వాక్యంలో ఉండాలి.

ఇట్లు,
7 శాతం తరఫున వకాల్తా పుచ్చుకున్న ఒక అధ్యాపకుడు