మాది అరువు అభిమానం కాదు

ప్రతి ఏడాది మార్చి నెలాఖరులో, ఐపీఎల్ మొదలయ్యే ముందు, ఒక మెసేజ్ మా వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టి వస్తుంది. పొద్దున మహబూబ్‌నగర్ స్కూల్ దోస్తుల గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు. మధ్యాహ్నానికి నల్లగొండ చుట్టాల గ్రూపులో ప్రత్యక్షం. ఈసారి మా మేనల్లుడు దాన్ని స్టేటస్‌గా కూడా పెట్టుకున్నాడు. మనసు చివుక్కుమంది. వాడికి ఫోన్ చేసి చెప్పిన మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

మెసేజ్ సారాంశం ఇది. పాలమూరు, నల్లగొండ జిల్లాల వాళ్లది అరువు అభిమానం. జట్టు గెలిచినన్ని రోజులే జెండా పడతారు, ఓడితే టీవీ కట్టేస్తారు, ఆటగాళ్ల ఇంట్లోవాళ్లను బూతులు తిడతారు. హైదరాబాద్ జట్టులో మనోళ్లు లేరు, ఓనర్లు చెన్నై వాళ్లు, కాబట్టి అది మన జట్టే కాదు. ఇక ఇక్కడ పుట్టి ముంబై, చెన్నై జెర్సీలు వేసుకునేవాళ్లు ఊరికి ద్రోహం చేస్తున్నారు. నిజమైన అభిమానులను చూడాలంటే ఇంగ్లండ్ పోవాలి. మన ఊరి ఆటలు ఎప్పుడో చచ్చిపోయాయి. చివర్లో, "ఒప్పుకునే దమ్ముంటే షేర్ చేయండి."

నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

"గెలిచినప్పుడే అభిమానులు" అనే మాట ముందు చూద్దాం. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్. కెప్టెన్ మన లక్ష్మణ్. ఆ ఏడు ఎనిమిది జట్లలో మనది ఆఖరి స్థానం. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది, ఫైనల్లో బెంగళూరు మీద 6 పరుగుల తేడాతో. కానీ లోక్‌సభ ఎన్నికల వల్ల ఆ టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాలో జరిగింది. కప్పు గెలిచిన ఏడాది ఆ జట్టు సొంతూరిలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2010లో అయినా ఆడుతుందేమో అనుకుంటే, తెలంగాణ ఉద్యమం జరుగుతోందని హైదరాబాద్ మ్యాచ్‌లను నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు తరలించారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. పగలు రాస్తారోకోలో కూర్చునేవాళ్లం, రాత్రి హాస్టల్ టీవీ ముందు కూర్చునేవాళ్లం. మ్యాచ్‌లు ఎత్తుకుపోయారని కోపం ఉండేది. అయినా జట్టును మాత్రం ఎవరూ వదల్లేదు. 2012లో ఆ జట్టునే రద్దు చేశారు. అంటే విడిచిపెట్టి పోయింది జట్టు, మేము కాదు.

తర్వాత 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. 2016లో కప్పు కొట్టింది, నిజమే. మరి 2021లో ఆఖరి స్థానం, 2022లో పది జట్లలో ఎనిమిదో స్థానం, 2023లో మళ్లీ ఆఖరి స్థానం. పైగా కరోనా వల్ల 2019 మే నుంచి 2023 ఏప్రిల్ దాకా హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో ఒక్క ఐపీఎల్ మ్యాచ్ లేదు. ఓడుతున్న జట్టు, కంటికి కనబడని జట్టు. ఆ రోజుల్లో మా గ్రూపులో రోజూ రాత్రి తిట్టుకున్నాం, సన్‌రైజర్స్ అభిమానుల ఆరెంజ్ ఆర్మీ గుర్తు మాత్రం ఎవరూ డీపీలోంచి తీయలేదు. ఓడినందుకు తిట్టేవాడికి ఆ జట్టు మీద ఆశ ఉన్నట్టే. ఆశ లేనివాడు తిట్టడు, చానల్ మారుస్తాడు.

కబడ్డీ సంగతి అడగనే వద్దు. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి తెలుగు టైటాన్స్‌ను చూస్తున్నాం. ఇంతవరకు కప్పు లేదు. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో వరుసగా అట్టడుగున నిలిచింది. గెలుపు వెంట పడే జనమైతే మా దగ్గర ఆ జట్టు పేరు ఎత్తేవాళ్లే ఉండకూడదు. కానీ మా బస్టాండు పక్కన టీ కొట్టులో టైటాన్స్ మ్యాచ్ ఉన్న రాత్రి కుర్చీ దొరకదు.

"మనోళ్లు లేని జట్టు మనది కాదు" అన్నది రెండో మాట. సన్‌రైజర్స్ కెప్టెన్‌గా ఉన్న వార్నర్ ఆస్ట్రేలియా వాడు. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చాడు. లాక్‌డౌన్‌లో ఇంట్లో పిల్లలతో కలిసి తెలుగు పాటలకు చిందులేశాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేసి, తర్వాత జట్టులోంచి కూడా తప్పించినప్పుడు బౌండరీ అవతల నీళ్ల బాటిళ్లు పట్టుకుని నిలబడ్డాడు. అది చూసి మా అమ్మ, క్రికెట్‌లో ఓవరంటే ఎన్ని బంతులో తెలియని మా అమ్మ, "పాపం, పిల్లగాన్ని ఎందుకు కూసోబెట్టిండ్రు" అని బాధపడింది. మీరట్ భువనేశ్వర్ 2014 నుంచి 2024 దాకా మన కోసమే బౌలింగ్ చేశాడు. పదకొండు సీజన్లు ఒక జట్టుకు చెమట ధారపోసిన మనిషిని "మనోడు కాదు" అని ఎట్లా అంటాం? మా దగ్గర ఇల్లరికం వచ్చిన అల్లుడిని కూడా నాలుగేళ్లు కాగానే ఊరి పంచాయితీకి పిలుస్తారు.

ఓనర్ల మాట వేరు. అందులో నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నాకు బాగా నొప్పి కలిగించింది మూడో మాట. ముంబై జెర్సీ వేసుకుంటే ఊరికి ద్రోహమట. ఈ మాట రాసినవాళ్లకు పాలమూరు తెలియదు.

కోస్గి దగ్గర మా ఊరు. అక్కడ ముంబై అని ఎవరూ అనరు, బొంబాయి అంటారు. ఈ వైపు ఊళ్లలో బొంబాయి పోయిరాని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. వానలు లేక, బోర్లు ఎండిపోయి, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి బిల్డింగ్ పనులకు పోయారు. నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు మగ్గాలు వదిలి భివండీ పవర్‌లూమ్‌లకు పోయారు. ఇది ఇవాళ్టి ముచ్చట కూడా కాదు. ముంబైలో కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వచ్చింది తెలుగు నేల నుంచి పోయి అక్కడ ఇళ్లు కట్టిన కామాఠీ కూలీల వల్లనే. ఆ నగరం మనకు టీవీలో పరిచయం కాలేదు. మనవాళ్ల భుజాలు కాయలు కాసింది అక్కడే.

మా చిన్నాయన పదహారేళ్ల వయసులో మట్టి పనికి పోయి, సెంట్రింగ్ మేస్త్రీగా తిరిగొచ్చాడు. ఇరవై ఏళ్ల పైనే అక్కడున్నాడు. పది మంది ఒకే గదిలో ఉండేవాళ్లు. మూలకు ఒక చిన్న టీవీ, సచిన్ ఆడే రోజు రాత్రి వంట కూడా ఆలస్యం. మోకాళ్లు అరిగి ఇంటికి వచ్చేశాక ఆయన పెట్టెలో ఉన్నవి రెండు లుంగీలు, కొలత టేపు, ఒక నీలం రంగు ముంబై ఇండియన్స్ టీ షర్టు. కాలర్ దగ్గర రంగు వెలిసిపోయింది, భుజం మీద సిమెంటు మరక అట్లాగే ఉంది. మ్యాచ్ రోజు దాన్నే వేసుకుంటాడు. ఒకసారి ఊళ్లో పిల్లలు ఆయన్ని ఆటపట్టించారు, "హైదరాబాద్ ఉండంగ ముంబై ఏంది తాతా" అని. ఆయన కోపం తెచ్చుకోలేదు. "ఆ ఊర్ల నేను లేపిన గోడలున్నయ్ రా" అన్నాడు.

2019 ఐపీఎల్ ఫైనల్ ఉప్పల్‌లో జరిగింది. ముంబైకి, చెన్నైకి. ముంబై బౌలర్ మలింగ వేసిన ఆఖరి బంతికి చెన్నై ఆటగాడు శార్దూల్ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు, ముంబై ఒక్క పరుగుతో గెలిచింది. ఆ రాత్రి చిన్నాయన మంచం మీద నుంచి లేచి, మోకాళ్ల నొప్పి మరిచిపోయి, వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. "నా రెండు ఊర్లు ఒక్క తాన కలిసినయ్" అన్నాడు. ముంబైకి, హైదరాబాద్‌కు మ్యాచ్ పడితే మాత్రం ఆయన నోరు విప్పడు. ఎవరు ఫోర్ కొట్టినా తల ఊపుతాడు అంతే. ఇందులో ద్రోహం ఎక్కడుందో చెప్పండి.

ఇంకో మాట. జట్టులో మనోళ్లుంటేనే మన జట్టు అని ఆ మెసేజే అంటోంది కదా. హైదరాబాద్ పిల్లగాడు తిలక్ వర్మ 2022 నుంచి ఆడుతున్నది ముంబైకి. అంబటి రాయుడు ఏళ్ల తరబడి ముంబైకి ఆడి, తర్వాత చెన్నైకి పోయాడు. సిరాజ్ 2017లో సన్‌రైజర్స్‌తోనే మొదలుపెట్టినా, మరుసటి ఏడాది నుంచి ఏడు సీజన్లు బెంగళూరుకు ఆడాడు. వాళ్ల లెక్కే పట్టుకుంటే ముంబై జెర్సీ వేసుకున్న పాలమూరు పోరడు తప్పు చేసినట్టు ఎట్లా అవుతుంది? రెండో మాట నిజమైతే మూడో మాట నిలబడదు. మూడోది నిజమైతే రెండోది నిలబడదు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆ మెసేజ్ వైపే. ఓడిన ఆటగాడి భార్యను, పిల్లలను ఫోన్లలో బూతులు తిట్టేవాళ్లు మా జిల్లాల్లో కూడా ఉన్నారు. దాన్ని అభిమానం అని నేను అనను. మా మేనల్లుడికి కూడా అదే చెప్పాను.

ఇక ఇంగ్లండ్. అక్కడి అభిమానం గొప్పదే, కాదనను. లండన్‌లోని వింబుల్డన్ అనే ఫుట్‌బాల్ క్లబ్‌ను ఓనర్లు 2003లో అక్కడికి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తీసుకుపోయారు. తీసుకుపోతారని తెలియగానే 2002లోనే అభిమానులు సొంతంగా కొత్త క్లబ్ పెట్టుకున్నారు. కింది లీగ్‌ల నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. వింటుంటేనే ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది ఎందుకు సాధ్యమైంది? అక్కడ కింది లీగ్‌లో గెలిచిన జట్టు పై లీగ్‌లోకి పోయే దారి ఉంది. జర్మనీలో అయితే ఓట్లలో సగం కన్నా ఎక్కువ క్లబ్ సభ్యుల చేతిలోనే ఉండాలని నియమం, కొద్ది క్లబ్బులకే మినహాయింపు. ఐపీఎల్‌లో అట్లాంటి మెట్లు లేవు, ఓటూ లేదు. డెక్కన్ చార్జర్స్ పోయినప్పుడు నల్లగొండ కుర్రాళ్లు చందాలు వేసుకుని జట్టు పెట్టినా, దాన్ని ఏ లీగ్‌లో ఆడించాలి?

ఓనర్ల మాట ఇక్కడే చెప్పాలి. 2019లో పుణె ఫుట్‌బాల్ జట్టు మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది. కోచ్ రహీం సాబ్ ఆట నేర్పిన ఊరికి, సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిన ఊరికి ఫుట్‌బాల్ తిరిగొచ్చిందని ముసలివాళ్లు సంబరపడ్డారు. 2025లో ఆ జట్టు ఢిల్లీ పోయి పేరు మార్చుకుంది. అభిమానులను ఎవరూ అడగలేదు. పుణె వాళ్లనూ అంతకుముందు ఎవరూ అడగలేదు. నిలకడ లేనిది ఎవరికో ఈ మెసేజ్ రాసినవాళ్లు ఆలోచించాలి. నింద వేయాల్సిన చోట వేయకుండా, టీవీ ముందు కూర్చున్నవాడి మీద వేశారు.

ఆఖరుది, "ఊరి ఆటలు చచ్చిపోయాయి" అన్నది. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు. ఆడేది పేరు తెలియని పిల్లలు, ఎక్కడెక్కడి రాష్ట్రాల వాళ్లో. సినిమా స్టార్లు లేరు. అయినా జనం కిక్కిరిసిపోయారు, బరువుకు గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడ అంటుంది. జనాన్ని మోసే గ్యాలరీ లేకపోయింది గానీ, జనం లేకపోలేదు.

మా అమ్మమ్మ ఊరు దేవరకొండ అవతల. సంక్రాంతికి అక్కడ రాత్రి కబడ్డీ ఉంటుంది. మట్టి మీద నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి, కర్రలకు ఫోకస్ లైట్లు కడతారు. మైకులో పిలిచేది ఆటగాళ్ల పేర్లతో కాదు, ఊళ్ల పేర్లతో. పోయినసారి మా వాళ్లు మొదటి మ్యాచ్‌లోనే మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఆఖరి కూతకు పోయిన పిల్లవాడు బోనస్ లైన్ దాటి, పట్టులో ఇరుక్కుని, ఊపిరి ఆగేదాకా గీత వైపు చేయి చాచాడు. జానెడు దూరంలో ఆగింది. తర్వాతి వారం పక్క మండలంలో పోటీ, అక్కడా ఓడిపోయారు. తిరిగొచ్చేసరికి రాత్రి రెండు దాటింది. ట్రాలీ ఆటో ఊరి మొదట్లో వేపచెట్టు దగ్గర ఆగేసరికి అరుగుల మీద ఇరవై మందికి పైగా మేలుకుని ఉన్నారు. ఎవరూ స్కోరు అడగలేదు. ఒకావిడ ఆ పిల్లవాడి మోకాలికి కట్టిన గుడ్డ విప్పి ఫోన్ లైటు వేసి చూసింది. ఇంకొకాయన, "వచ్చే ఆదివారం కొండమల్లేపల్లిల ఉన్నది గద, ఎంట్రీ ఫీజు నేనిస్త" అన్నాడు.