దొంగ దొరక్కపోయినా పాఠం పూర్తయినట్టే

సైన్స్ ఫెయిర్లలో, వేసవి శిబిరాల్లో ఫోరెన్సిక్ ప్రాజెక్టు అనగానే ఎక్కువగా ఒకే కథ నడుస్తుంది. హెడ్మాస్టరు గదిలో కప్పు మాయమవుతుంది. పిల్లలు వేలిముద్రలు, ఒక చీటీ పరిశీలించి గంటలో దొంగను పట్టేస్తారు. పిల్లలకు హుషారుగా ఉంటుంది, నిజమే. కానీ ఆధారం దొరికితే దోషి దొరికినట్టే అనే తప్పుడు నమ్మకం కూడా ఆ గంటలోనే వాళ్లలో నాటుకుంటుంది. నా అభ్యంతరం దాని మీదే.

సిరా ప్రయోగమే తీసుకోండి. సుద్దముక్క మీద నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, దాని అడుగు భాగాన్ని కాసిని నీళ్లలో నిలబెడితే చాలు. నీళ్లు పైకి పాకేకొద్దీ నలుపు విడిపోయి నీలం, గులాబీ, పసుపు లాంటి రంగులు బయటపడతాయి. రెండు కంపెనీల పెన్నులకు రంగుల వరస చాలాసార్లు వేరుగా ఉంటుంది. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు పెన్నులకు మాత్రం ఒకేలా వస్తుంది. అంటే చీటీ ఈ రకం పెన్నుతో రాసి ఉండొచ్చని చెప్పగలం. రాము పెన్నుతోనే రాశారని చెప్పలేం. ఈ తేడా పిల్లల చేత నోటితో చెప్పించి, కాగితం మీద రాయించాలి.

వేలిముద్రల్లో ఇంకా బోలెడు సరుకుంది. స్టీలు గ్లాసు మీద పెన్సిల్ పొడి చల్లి, మెత్తటి బ్రష్‌తో దులిపి, టేపుతో ఎత్తి తెల్లకాగితం మీద అంటిస్తే ముద్ర కనిపిస్తుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు లెక్కల పాఠం ఆ తర్వాత ఉంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది. వేలాది కార్డుల్లో కావలసినదాన్ని వెతికి తీయడం ఎలా? ఆ చిక్కును విప్పడంలో అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల పాత్ర పెద్దది. పద్ధతికి పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. ఒక్కో వేలికి చక్రం (గుండ్రంగా తిరిగే గీతల సుడి) ఉందా, లేదా అన్నది మాత్రమే చూస్తే పది వేళ్లకు 2ను పదిసార్లు గుణించాలి. 1,024 గళ్లు వస్తాయి. ఎనిమిదో తరగతి పిల్లలు తమ వేళ్లతోనే ఈ లెక్క వేయగలరు. నలభై మంది ఉన్న తరగతిలో కొందరు ఒకే గడిలో పడే అవకాశం ఎక్కువ. వర్గీకరణ వెతుకులాటను తగ్గిస్తుందే తప్ప మనిషిని తేల్చదని వాళ్లకు అప్పుడు అర్థమవుతుంది.

పెద్దలు కూడా ఇక్కడే బోల్తాపడ్డారు. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల తర్వాత దొరికిన ఒక వేలిముద్ర అమెరికాలోని ఒక న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. రెండు వారాలు నిర్బంధించారు. ఆ ముద్ర వేరే వ్యక్తిదని స్పెయిన్ పోలీసులు గుర్తించాక ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. హైస్కూల్ పిల్లలకు ఈ కేసు తప్పక చెప్పాలి.

మన దగ్గర దీని అవసరం మరీ ఎక్కువ. ఇంట్లో నగ పోతే అంజనం వేయించడం, అనుమానం ఉన్నవాళ్ల చేత బియ్యం నమిలించడం మన ఊళ్లలో విన్న సంగతులే. ముందుగా వేలెత్తేది పనిమనిషి మీద. బడిలో డబ్బు పోయినా చాలాసార్లు మొదట వెతికేది పేద పిల్లవాడి సంచీనే. పిల్లలు రాసే ప్రతి ప్రాజెక్టు నివేదికలో ‘ఈ ఆధారం ఏం చెప్పలేదు?’ అనే గడి తప్పనిసరి చేయాలి. ‘తేల్చలేకపోయాం’ అని కారణాలతో రాసిన జట్టుకూ పూర్తి మార్కులు వేయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నేర విచారణ చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. రేపు ఆ నివేదికలను చదివే లాయర్లు, జడ్జీలు ఈ తరగతుల్లోంచే రావాలి కదా.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతులకు సూచించిన పుస్తకాల సంచీ లేని పది రోజుల్లో రెండు దీనికి చాలు. జాగ్రత్త మాత్రం ఒకటుంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల డీలర్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో నకిలీలు తయారుచేసి పట్టుబడ్డాడు. అందుకే పిల్లల ముద్రలు బడి బీరువాలో ఉండకూడదు, వాట్సాప్ గ్రూపుల్లోకి ఫొటోలుగా వెళ్లకూడదు. పిరియడ్ అయిపోగానే ఎవరి కాగితం వాళ్ల చేతికే ఇచ్చేయాలి.