నల్ల కారుకి వ్యాక్స్ పల్చగానే పట్టించాలి

కారుకి వ్యాక్స్ మందంగా పట్టిస్తే మెరుపు ఎక్కువని ఒక వ్యాసంలో రాశారు. నల్ల కారు విషయంలో అది సరికాదండీ. తుడవగా మిగిలిపోయిన వ్యాక్సే చారలై కనిపిస్తుంది. ఎండకు కాలిన బానెట్ మీద అసలు రాయకండి. నీడలో, చేయి పెడితే చల్లగా తగిలినప్పుడు, ఒక్కో భాగానికే పల్చగా రాయాలి. వేలితో గీసి చూడండి: శుభ్రంగా లేచి వస్తే తుడవొచ్చు, సాగి మరకైతే ఇంకాసేపు ఆగాలి.

మైక్రోఫైబర్ గుడ్డ కింద పడిందా, ఉతక్కుండా మళ్ళీ వాడొద్దు. నేను దులిపేసి వాడితే డోరంతా సాలెగూడు లాంటి సన్నని గీతలు పడ్డాయి, చాలా బాధేసింది. వ్యాక్స్ వాటిని కొన్నాళ్ళు కప్పుతుందంతే. పోవాలంటే పాలిష్ చేయాల్సిందే. అది క్లియర్ కోట్‌ని, అంటే రంగు మీదుండే పారదర్శక పొరని, కాస్త అరగదీస్తుంది కాబట్టి మాటిమాటికీ వద్దు. చివర్లో ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి చూస్తే దాగిన చారలన్నీ బయటపడతాయి.