బల్ల కిందికి దూరనివాడు ధర చెప్పరాదు

పాతకాలపు నగిషీ బల్లకు వయసు కట్టే శాస్త్రం మనవాళ్ల దగ్గర ఎప్పుడో స్థిరపడింది. ఇంట్లో అందరికన్నా పెద్దావిడను అడుగుతారు. "నేను కాపురానికొచ్చేసరికే ఉంది" అంటే నూరేళ్లు. "మా అత్తగారు కాపురానికొచ్చేసరికే ఉందిట" అంటే నూటయాభై. పైన పాలరాతి పలక ఉంటే మరో పాతిక కలుపుకోవచ్చు. కోస్తా జిల్లాల్లో అయితే అది కలెక్టరు దొర వెళ్లిపోతూ ఇచ్చిన బల్ల. 1947లో ఓడెక్కే ముందు దొరలు పంచిపెట్టిన బల్లల లెక్క చూస్తే, వాళ్లు ఏలింది దేశాన్నో ఫర్నిచరు గోదామునో అర్థం కాదు. హైదరాబాదులో అయితే అది ఏదో నవాబుగారి దేవిడీ, అంటే పాత బంగళా, నుంచి వచ్చినది. దాని జోడీ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉండి తీరుతుంది.

ఇంత పటిష్ఠమైన పద్ధతి ఉండగా, కొందరు అనుమానపు మనుషులు టార్చిలైటు పట్టుకుని బల్ల కింద వెల్లకిలా పడుకుంటారు. మర్యాదస్తుల ఇళ్లలో ఇంతకన్నా అప్రతిష్ఠ లేదు. పైన పాలిష్ పెట్టిన చెయ్యి అడుగుదాకా పోదని వాళ్లకు తెలుసు మరి.

వాళ్లు చేసే మొదటి అపచారం రాయిని ఎత్తడం. పాత బల్లల్లో రాయిని సాధారణంగా అంటించరు, చట్రంలో ఊరికే కూర్చోబెడతారు. రెండడుగుల గుండ్రటి పలక, రెండు సెంటీమీటర్ల మందం ఉంటే, 15, 16 కిలోలు తూగాలి. తీశాక నిలువుగా పట్టుకోవాలి. పళ్లెంలా పడుకోబెట్టి మోస్తే తన బరువుకు తానే మధ్యలో విరుగుతుంది, ధర చెప్పే పని అక్కడితో సులువవుతుంది. వెనక్కి తిప్పితే ఉలి దెబ్బలో ఎగుడుదిగుళ్లో కనిపించాలి. నున్నగా ఉండి, ప్లాస్టిక్ వల అంటించి ఉంటే ఆ రాయి దొరల మొహం చూసి ఉండదు. పలక పగలకుండా అలా వల అంటించడం ఇప్పటి మార్బుల్ ఫ్యాక్టరీల పని. పైనున్న చార అంచులోకి కూడా దిగాలి. అంచు దగ్గరే ఆగిపోతే అది రాయి కాదు, రాయి ఫొటో.

అడుగున ఓ మూల నిమ్మరసం చుక్క వేస్తే పాలరాయి సన్నగా నురుగు కట్టి మచ్చ పడుతుంది, గ్రానైటు ఉలకదు. ఈ పరీక్ష పైభాగాన చెయ్యకూడదు. చెయ్యక్కర్లేదు కూడా, పులిహోర గిన్నెలూ చారు గిన్నెలూ ఏళ్ల తరబడి చేసే ఉంటాయి. మెరుపు పోయిన ఆ గుండ్రటి మచ్చలే బల్లకున్న గట్టి సాక్ష్యం. మనవాళ్లు ముందు మనిషిని పిలిపించి మచ్చలన్నీ అరగదీయించి, తళతళలాడే రాయిని చూపించి, ఇది పాతదని కాగితం రాసిమ్మంటారు.

రాయి కొత్తదైనంత మాత్రాన బల్ల దొంగది అయిపోదు. రాళ్లు పగులుతాయి, మారుస్తారు. ధర తగ్గుతుంది, అంతే.

కర్ర దగ్గరే అసలు వ్యవహారం. ఆరో నిజాం 1911లో కాలం చేశారు. ప్లస్ గుర్తు తలతో స్క్రూకు పేటెంటు 1936లో వచ్చింది. ఆయన చేయించిన బల్లకు ఈ స్క్రూ ఎక్కడిదని అడిగితే, ప్రభువుల ముందుచూపు అలాంటిదని జవాబు. న్యాయంగా ఇంకో జవాబూ ఉంది: రిపేరు. అప్పుడు పక్కనే పాత మేకు బెజ్జమో, చెక్కలో ఇనుప మరకో ఉండాలి. రెండూ లేకపోతే ఆ స్క్రూ బల్లతో పాటే పుట్టింది.

కాళ్ల మీది పువ్వుల్ని ఒక్కో కాలికీ విడిగా చూడాలి. ఉలితో చెక్కినవాడికి మూడో కాలు దగ్గర చెయ్యి నొప్పెడుతుంది. రేకులు కాస్త అటూ ఇటూ అవుతాయి. నాలుగూ అచ్చుగుద్దినట్టుండి, లోతుల్లో ఒకే కొలత గాడులు కనిపిస్తే అది కంప్యూటరు మిషను పనితనం. సొరుగుంటే లాగి మూలల అతుకులు చూడాలి: చేత్తో కోసిన పళ్లు ఒకటి సన్నం, ఒకటి లావు. లోతుల్లో నల్లగా ఉన్నది నూరేళ్ల మురికో, మొన్నటి బూట్‌పాలిషో గుడ్డతో తుడిస్తే తెలుస్తుంది.

పురుగు బెజ్జాలంటే కొనేవాళ్లకు మహా గౌరవం, అందుకని అవీ తయారుచేసి ఇస్తారు. సన్నటి తీగ దూర్చితే నిజమైన బెజ్జంలో వంకర తిరిగి ఆగిపోతుంది. డ్రిల్లుదైతే తిన్నగా దిగుతుంది. పైగా చేవ ఉన్న టేకునూ జిట్రేగినీ (రోజ్‌వుడ్) పురుగు అంత తేలిగ్గా ముట్టదు. చేవకర్ర నిండా బెజ్జాలుంటే పురుగును కాదు, షాపువాణ్ణి అనుమానించాలి. కాలి వెనక స్పిరిట్ చుక్క వేసి చూస్తే పాలిషూ బయటపడుతుంది. లక్కతో చేసే పాతకాలపు చపడా పాలిష్ జిగురుగా కరుగుతుంది, ఇప్పటి పీయూ (పాలీయూరెథేన్) పూత కరగదు.

ఇంతా చేసి ధర చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఎందుకంటే అన్నదమ్ముల పంపకాల్లో బల్ల ఎవరి వాటాకు వస్తుందో వాడికది పుచ్చుకర్ర, రానివాడికి రాజవంశపు సొత్తు. షాపువాడు కొనేటప్పుడు మొదటివాడి పక్షం, అమ్మేటప్పుడు రెండోవాడి పక్షం.

ఇక డాలస్‌లో ఉన్న కొడుకు బల్లను పంపించమన్నప్పుడు అసలు మహిమ చూడాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన పనితనపు వస్తువును ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు; దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఈ ముక్క చెవిన పడగానే నూటయాభై ఏళ్ల బల్ల అరవయ్యేళ్లకు దిగుతుంది. దొరగారు తన దానాన్ని వెనక్కి తీసుకుంటారు. ఇది పురావస్తువు కాదని సర్టిఫికెట్టు ఇవ్వమని ఇంటిల్లిపాదీ పురావస్తు శాఖ గుమ్మం ముందు నిలబడతారు. కర్ర జిట్రేగి అయితే, అరుదైన జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది కాబట్టి ఆ కాగితాలు వేరే. అన్నీ అయి బల్ల డాలస్ హాల్లో కుదురుకున్నాక, వచ్చిన అతిథులకు మళ్లీ నూటయాభై చెప్పుకోవచ్చు. సర్టిఫికెట్టు మాత్రం ఆ బల్ల సొరుగులోనే దాచకండి. మనవాళ్లు సొరుగులు లాగి చూస్తారు.