ఎత్తు లెక్కలో పూర్వీకుల నీడ

ఎత్తును ప్రభావితం చేసే జన్యు రూపభేదాలను (జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఉండే చిన్న తేడాలను) వెతికేటప్పుడు మనుషుల వంశమూలాల తేడాను గణాంకాలతో సర్దితే సరిపోతుందా, తోబుట్టువులనే పోల్చాలా? ఇద్దరు పరిశోధకుల వాదం ఇది.

సర్దుబాటు పక్షం: లక్షల మంది జన్యు సమాచారం చేతిలో ఉంటే, ఎవరి పూర్వీకులు ఎవరికి దగ్గరో కంప్యూటర్ లెక్కగట్టి చెబుతుంది. ఆ తేడాను మినహాయించాకే ఎత్తు సంగతి చూస్తాం. ఇంకా అనుమానం ఎందుకండీ?

తోబుట్టువుల పక్షం: ఒకసారి పాలు మనల్ని మోసగించాయి కాబట్టి. ఐరోపా మూలాలున్న అమెరికన్లలో పొడవైనవారిని, పొట్టివారిని పోల్చిన అధ్యయనం 2005లో వచ్చింది. పెద్దయ్యాక కూడా పాలు అరిగేలా చేసే లాక్టేజ్ రూపభేదం పొడవైనవారిలోనే ఎక్కువగా కనిపించింది. పాలు తాగితే పొడుగవుతారంటే ఎవరు కాదంటారు? కానీ తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు ఐరోపాలో ఏ ప్రాంతంవారో చూసి, సమాన మూలాలున్నవారిని జతచేసి పోల్చేసరికి ఆ సంబంధం చాలావరకు మాయమైంది. వాయవ్య ఐరోపావారు సగటున పొడవు, ఆ రూపభేదమూ అక్కడే ఎక్కువ. అంతకుమించి ఏమీ లేదు.

సర్దుబాటు పక్షం: అయితే మీ ఉదాహరణ నా వాదాన్నే బలపరుస్తోంది! మూలాలను లెక్కలోకి తీసుకున్నందుకే కదా పొరపాటు బయటపడింది?

తోబుట్టువుల పక్షం: అక్కడ తప్పు పెద్దది, కంటికి ఆనింది. కంటికి ఆననివే నా భయం. ఉత్తర ఐరోపావారిలో ఎత్తు పెంచే రూపభేదాలు ఎక్కువని, దానికి ప్రకృతి వరణం కారణమని 2012లో రాశారు. సర్దుబాటు చేసిన లెక్కలే అవి. 2019లో రెండు బృందాలు బ్రిటన్ బయోబ్యాంకు (అక్కడి లక్షల మంది జన్యు, ఆరోగ్య వివరాల నిధి) సమాచారంతో మళ్లీ చూస్తే ఆ సంకేతం బాగా బలహీనపడింది.

సర్దుబాటు పక్షం: 2022లో సుమారు 1,78,000 మంది తోబుట్టువులను పరిశీలిస్తే, మామూలు లెక్కలతో పోల్చినప్పుడు ఎత్తుపై రూపభేదాల ప్రభావాలు దాదాపు పదో వంతే తగ్గాయి. ఆ కాస్త కోసం ఇంత పట్టుబట్టాలా?

తోబుట్టువుల పక్షం: ఒక్కో రూపభేదంలో తప్పు అణుమాత్రమే కావచ్చు. కానీ అన్నీ ఒకే దిక్కుకు ఒరిగితే, వందలుగా కూడినప్పుడు రెండు దేశాల మధ్య లేని తేడా పుట్టుకొస్తుంది. తోబుట్టువుల పూర్వీకులు ఒక్కరే. తల్లి దగ్గరున్న రెండు జన్యు ప్రతుల్లో ఏది ఎవరికి దక్కిందన్నది చీటీలు తీసినట్టే, అందులో ఊరూ దేశమూ దూరవు.

సర్దుబాటు పక్షం: అదే ఏడాది దాదాపు 54 లక్షల మందిని చూస్తేగాని 12,111 రూపభేదాలు దొరకలేదు. అంతమంది తోబుట్టువులను ఎక్కడ తెస్తారు?

తోబుట్టువుల పక్షం: వెతకడానికి మీ పద్ధతే వాడండి, కాదనను. ఒక దేశంవారిని ఇంకో దేశంవారితో పోల్చే లెక్కను మాత్రం తోబుట్టువుల తూకంతో మళ్లీ వేయకుండా అచ్చుకు పంపకండి.