సవరణ: ఎర్రగా కాలిన కాయిల్ మీద లిక్విడ్ వేయకండి

వేప్ (ఈ-సిగరెట్) కాయిల్, అంటే లిక్విడ్‌ను వేడి చేసే తీగ చుట్ట, పరీక్షించడం గురించిన నా పోస్టులో "ఎర్రబడ్డాక రెండు చుక్కల లిక్విడ్ వేసి చూడండి" అని ఉంది. ఆ వాక్యం కొట్టేశాను. ఆ లిక్విడ్‌లో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ ఆవిరి దాదాపు 370 డిగ్రీల సెల్సియస్ దగ్గర తనంతట తానే అంటుకుంటుంది. నారింజ రంగులో వెలిగే కాంథాల్ (కాయిల్ చుట్టే మిశ్రలోహం) తీగ అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ వేడి మీద ఉంటుంది. భగ్గున మంట లేస్తుంది, అదీ ముఖానికి దగ్గర్లో!

కాయిల్ పరీక్షించాలంటే, ముందు ఓమ్ మీటర్‌తో (నిరోధం కొలిచేది) షార్ట్ లేదని చూసుకోండి. లిక్విడ్ పీల్చే దూది పెట్టకుండా, తక్కువ వాట్స్‌లో, బటన్ క్షణం నొక్కి వదలండి. వెలుగు మధ్య నుంచి అంచులకు సమంగా పాకాలి. ఒక్క చుట్టే ముందు మెరిస్తే, బటన్ వదిలేసి సిరామిక్ ట్వీజర్‌తో చుట్లను దగ్గరికి నొక్కండి. పూర్తిగా చల్లారాకే దూది, ఆ తర్వాతే లిక్విడ్.

ఇదంతా బయటి దేశాల్లో ఉన్నవారికి. ఇండియాలో 2019 నుంచి ఈ-సిగరెట్ల అమ్మకమే నిషేధం.