పైనుంచి దీపోత్సవం

నిన్న కార్తీక పౌర్ణమి. మా అపార్టుమెంటు ఆడవాళ్లు డాబా మీద ముగ్గేసి, ప్రమిదలతో శివలింగం పేర్చారు. పైనుంచి వీడియో తీస్తే అదిరిపోతుందన్నాడు మా బావమరిది. 80 గ్రాముల బుల్లి డ్రోను వాడిదే. అది నడిపే ఫోను నా చేతిలో పెట్టి, వాడు పులిహోర దగ్గరికెళ్లాడు.

సెక్రటరీ గారికి ముందే చెప్పాను. "సార్, డాబా లైట్లు మాత్రం ఆపకండి. దీనికి జీపీఎస్ లేదు. కడుపు కింద ఉన్న చిన్న కెమెరా గచ్చు మీది గీతలూ మరకలూ చూసుకుంటేనే ఇది ఉన్నచోట నిలబడుతుంది. చీకటైతే గాలి ఎటు తోస్తే అటే." ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "లైసెన్సుందా?" అన్నారు. 250 గ్రాముల లోపు వాటికి పైలట్ లైసెన్సు అక్కర్లేదని 2021 డ్రోన్ నిబంధనల్లోనే ఉందన్నాను. ఆయన మెయింటెనెన్సు బాకీ సంగతి ఎత్తారు.

డ్రోను లేచింది. బుద్ధిగా నిలబడింది. సెక్రటరీ గారు వెళ్లి స్విచ్చులన్నీ టకటకా ఆపేశారు. "లైట్లుంటే దీపాలకి అందమేముందండీ!"

అక్కణ్ణుంచి అర నిమిషం నాకు అరగంటలా నడిచింది. డ్రోను ముందు వాటర్ ట్యాంకు వైపు జరిగింది. ఇటు లాగాను. లాగినదానికి రెండింతలు వచ్చింది. పోనీ దింపేద్దామని కిందికి నొక్కాను. అది సరిగ్గా శివలింగం నెత్తిన, మోకాలెత్తున ఆగి, పుట్టినరోజు కేకు ముందు కూర్చున్న పిల్లాడిలా ఉఫ్ ఉఫ్ మంటూ మొదలుపెట్టింది. మొదటి వరస దీపాలు కొండెక్కాయి. మూడో ఫ్లోరు మామ్మగారు "శివ శివా" అన్నారు. రెండో వరస. సెక్రటరీ గారి భార్య కొంగు అడ్డం పెట్టారు. పాపం, విభూతి రేఖలు ఆవిడే కొలతపెట్టి మరీ పేర్చారు. డ్రోను ఆవిణ్ణి చుట్టి వెళ్లి ఆ మూడు రేఖలనూ ఓపిగ్గా ఒక్కొక్కటే ఆర్పింది. గాలికి బెదరనిదల్లా 365 వత్తుల కట్ట. నేతిలో నానిన కట్టేమో, ఇంకా భగ్గుమంది. "ఏవండీ, ఆపండి!" అని మా ఆవిడ. "ఆపితే దీపాల్లో పడుతుందే!" అని నేను. "బావా, పైకి, పైకి!" అని నిండా పులిహోరున్న నోటితో వాడు.

ఎలాగో దిగింది. శివలింగంలో పానవట్టం మాత్రం మిగిలింది. లైట్లు వెలిగాయి, అప్పుడు!

మళ్లీ నూనె, మళ్లీ వత్తులు, మళ్లీ అగ్గిపెట్టె. ఇంతలో గ్రూపులో సెక్రటరీ గారి నోటీసు: "ఇకపై డాబా మీద డ్రోన్లు నిషేధం. నూనె ఖర్చు సంబంధిత ఫ్లాటు వారిదే." లైట్లు ఎవరాపారన్న ముక్క అందులో లేదు.

రాత్రి వీడియో చూశాం. చీకట్లో తీసినదంతా చుక్కలు చుక్కలుగా ఉంది, దీపమేదో మచ్చేదో తెలీదు. శుభ్రంగా వచ్చింది మొదట్లోని కాస్త ముక్కే. అందులో సెక్రటరీ గారు స్విచ్ బోర్డు మీద చెయ్యేసి, పైకి చూసి నవ్వుతున్నారు. దాన్ని అలాగే గ్రూపులో పెట్టాను.

గ్రూపు అడ్మిన్ కూడా ఆయనే. తీసేశారు, నాతో సహా.